ముందు మాకు చెప్పండి



ప్రభుత్వ సేవల్లో కృత్రిమ మేధ, సైబర్ భద్రత, వాటికి ఉండాల్సిన నిబంధనలు. ఈరోజు నాకిచ్చిన విషయం ఇదీ. వింటూనే ఆవులింత వచ్చే విషయమే, కాదనను. అందుకని నిబంధనల దగ్గర మొదలుపెట్టను. జార్జియా రాష్ట్రంలోని మన అల్ఫారెట్టాలోనే, ఆల్డర్‌మన్ డ్రైవ్‌లోని 1000 నంబరు భవనం దగ్గర మొదలుపెడతాను.

ఇప్పుడు అక్కడ లెక్సిస్‌నెక్సిస్ రిస్క్ సొల్యూషన్స్ ఉంది. ఇరవై ఏళ్ల కిందట అదే చోట చాయిస్‌పాయింట్ అనే కంపెనీ ఉండేది. 1997లో, జనం అప్పుల చరిత్ర నమోదు చేసే ఈక్విఫాక్స్ నుంచి విడివడి ఏర్పడిన సంస్థ. దాని సరుకు మనుషుల వివరాలు. పేరు, పాత చిరునామాలు, సోషల్ సెక్యూరిటీ నంబరు, అప్పులు, కోర్టు కేసులు, అన్నీ పోగుచేసి అడిగినవాళ్లకు అమ్మేది. కొనేవాళ్లలో బీమా కంపెనీలున్నాయి, ఉద్యోగాలిచ్చేవాళ్లున్నారు, ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనిషి ఎవరైనా సరే, ఆ కంపెనీ పేరు ఎన్నడూ విని ఉండకపోయినా, అతని చిట్టా అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

2004లో ఆ కంపెనీకి ఒక సంగతి తెలిసింది. కొందరు మోసగాళ్లు చిన్న చిన్న వ్యాపార సంస్థల పేరుతో దొంగ కాగితాలు పెట్టి ఖాతాలు తెరిచారు. రుసుము కట్టి, మామూలు ఖాతాదారుల్లాగే జనం వివరాలు కొనుక్కున్నారు. గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. ముందు గుమ్మంలోంచే వచ్చి, రసీదు తీసుకుని వెళ్లారు. అలా 1,63,000 మంది వివరాలు పోయాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తర్వాత లెక్క కట్టింది. వాళ్లలో కనీసం 800 మంది పేరు మీద నిజంగానే మోసాలు జరిగాయని కూడా చెప్పింది.

2005 ఫిబ్రవరిలో కంపెనీ ఉత్తరాలు పంపింది. ఎవరికి పంపిందో చూడండి. కాలిఫోర్నియాలో ఉన్న సుమారు 35,000 మందికి. కాలిఫోర్నియాకే ఎందుకూ అంటే, ఇలాంటిది జరిగితే బాధితులకు చెప్పి తీరాలన్న చట్టం దేశం మొత్తం మీద అప్పటికి అక్కడే ఉంది. కంపెనీ ఉన్నది జార్జియాలో. ఆ భవనానికి రెండు వీధుల అవతల ఉన్న మనిషి వివరాలు పోయి ఉన్నా, అతనికి ఉత్తరం రాసే బాధ్యత మొదట ఎవరికీ లేదు. ఈ వార్త బయటపడ్డాక గోల లేచింది. మిగతా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు, మావాళ్ల సంగతేమిటని నిలదీశారు. అప్పుడు మిగిలినవాళ్లకూ ఉత్తరాలు కదిలాయి. మరుసటి ఏడాది జనవరిలో కంపెనీ కోటి డాలర్ల జరిమానా, బాధితుల కోసం మరో 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. 2008లో రీడ్ ఎల్సెవియర్ ఆ కంపెనీని కొనేసి లెక్సిస్‌నెక్సిస్‌లో కలిపేసుకుంది.

ఆ కాలిఫోర్నియా చట్టం ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వ డేటా కేంద్రంలోకి ఎవరో చొరబడ్డారు. అక్కడున్నది సుమారు 2,65,000 మంది ప్రభుత్వ ఉద్యోగుల జీతాల వివరాలు. ఉద్యోగులకు ఆ విషయం వారాల తర్వాత గాని చెప్పలేదు. ఆ జీతాల పట్టికలో శాసనసభ్యుల పేర్లు కూడా ఉన్నాయి మరి! సభ్యులకు కోపం వస్తే చట్టం ఎంత త్వరగా తయారవుతుందో అప్పుడు తేలింది. 2003 జులైలో అమల్లోకి వచ్చింది.

చాయిస్‌పాయింట్ గొడవ తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. జార్జియా 2005లోనే చట్టం చేసింది. ఆ మొదటి చట్టం సమాచారం అమ్ముకునే వ్యాపారులకే వర్తించేది. 2007లో సవరించి, రాష్ట్ర ప్రభుత్వ శాఖలను, కౌంటీలను, నగరాలను కూడా చేర్చారు. 2018లో అలబామా చివరగా చేరడంతో యాభై రాష్ట్రాలకూ ఇలాంటి చట్టం వచ్చినట్టయింది. మన ఊరికి అంటిన ఒక అప్రతిష్ఠ నుంచి దేశమంతటికీ వచ్చిన నియమం ఇది. అల్ఫారెట్టా తనను తాను టెక్నాలజీ నగరమని చెప్పుకుంటుంది కదా, ఈ ఘనతను మాత్రం ఆ జాబితాలో రాసుకోదు.

సైబర్ భద్రత నిబంధనలంటే మనకు గుర్తొచ్చేవి పాస్‌వర్డులు, ఫైర్‌వాల్‌లు, ఆడిట్‌లు. అవి అక్కర్లేదని కాదు. 2017లో ఈక్విఫాక్స్‌కు అవన్నీ ఉన్నాయి, కాగితం మీద. ఆ ఏడాది మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడితే, 48 గంటల్లో సరిచేయాలని నాలుగు వందల మందికి పైగా ఉద్యోగులకు ఈమెయిల్ వెళ్లింది. ఒక పాత వ్యవస్థలో మాత్రం ఎవరూ సరిచేయలేదు. ఆ వ్యవస్థ నడుస్తున్నది ఇక్కడే, అల్ఫారెట్టాలోని వాళ్ల డేటా సెంటర్లో. లోపలికీ బయటికీ పోయే డేటాను కనిపెట్టుకుని ఉండాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు తీరిపోయి 19 నెలలుగా కళ్లు మూసుకుని ఉంది. జులై చివర్లో సర్టిఫికెట్ మార్చగానే దొంగలు కనబడ్డారు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. జనానికి చెప్పింది సెప్టెంబరు 7న. కనిపెట్టిన నాటి నుంచి దాదాపు ఆరు వారాలు. చెప్పాలన్న చట్టం ఉంది కాబట్టే అప్పుడైనా చెప్పారనుకోండి. ఆ రభస వల్ల మనకు మిగిలిన లాభం ఒకటుంది. మన పేరు మీద వేరేవాళ్లు అప్పు తీసుకోకుండా అడ్డుకునే క్రెడిట్ ఫ్రీజ్, 2018 సెప్టెంబరు నుంచి దేశమంతటా ఉచితం. మీరు ఇంకా పెట్టుకోకపోతే, ఈ ప్రసంగం అయిపోగానే ఆ పని చేయండి. మూడు క్రెడిట్ సంస్థల దగ్గరా విడివిడిగా పెట్టాలి.

ఇవి కంపెనీల సంగతులు. ప్రభుత్వ కార్యాలయాల మాటేమిటి?

అట్లాంటా నగరపాలక సంస్థ మీద 2018 మార్చి 22న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ పడింది. దొంగలు అడిగింది బిట్‌కాయిన్‌లో సుమారు 51,000 డాలర్లు. నగరం ఇవ్వలేదు. కోర్టు పనులు ఆగాయి, నీటి బిల్లు కట్టడానికి వీల్లేకపోయింది, పోలీసులు కాగితాల మీద నివేదికలు రాసుకున్నారు, విమానాశ్రయంలో ముందుజాగ్రత్తగా వైఫై ఆపేశారు. మళ్లీ నిలబెట్టడానికి అయ్యే ఖర్చు కోటీ 70 లక్షల డాలర్ల దాకా పోవచ్చని తర్వాత అంచనాలొచ్చాయి. ఆ దాడికి రెండు నెలల ముందే, జనవరిలో, నగరం సొంత ఆడిటర్లు వ్యవస్థల్లో తీవ్రమైన లోపాలు వందల్లో కాదు, వేలల్లో ఉన్నాయని హెచ్చరించారు. ఆడిట్ ఉంది. నివేదిక ఉంది. చదివినవాళ్లూ ఉన్నారు.

2024 జనవరి చివరి వారాంతంలో వంతు మన ఫుల్టన్ కౌంటీకి వచ్చింది. ఇది విన్న సంగతి కాదు, మన పన్ను రసీదుల సంగతి. ఫోన్లు మోగలేదు, కోర్టు రికార్డులు తెరుచుకోలేదు, ఆస్తి పన్ను సేవలు నిలిచిపోయాయి. సైబర్ ఘటన జరిగిందని కౌంటీ త్వరగానే చెప్పింది. అది ర్యాన్సమ్‌వేర్ అని కమిషన్ ఛైర్మన్ రాబ్ పిట్స్ బహిరంగంగా ఒప్పుకున్నది ఫిబ్రవరి 14న. లాక్‌బిట్ అనే ముఠా, డబ్బు ఇవ్వకపోతే కౌంటీ పత్రాలన్నీ బయటపెడతామని గడువు పెట్టింది. ఇంతలో ఫిబ్రవరి 20న బ్రిటన్, అమెరికా తదితర దేశాల పోలీసులు కలిసి ఆ ముఠా సైట్‌నే స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించారు. కొద్ది రోజుల్లో ముఠా మళ్లీ లేచి కొత్త గడువు పెట్టింది. గడువు దాటింది, పత్రాలు రాలేదు. మేం డబ్బివ్వలేదు, మా తరఫున ఎవరూ ఇవ్వలేదు అన్నారు పిట్స్. మాకు ముట్టింది అని ముఠా చెప్పుకుంది. దొంగ మాట నమ్మక్కర్లేదు గాని, ఇందులో ఎవరి వివరాలు ఎంతవరకు పోయాయన్నది కౌంటీలో ఉన్న మనిషికి ముఠా ప్రకటనల ద్వారానో, విలేకరుల ద్వారానో ముందు తెలియడం మంచి పద్ధతి కాదు.

జార్జియాలో 2021లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ శాఖల మీద సైబర్ దాడి జరిగి, దాన్ని ఫెడరల్ ప్రభుత్వానికి నివేదిస్తే, రెండు గంటల్లో రాష్ట్ర అత్యవసర నిర్వహణ సంస్థకు కూడా చెప్పాలి. మంచిదే. అయితే ఆ నివేదికలు బయటివాళ్లు చూడటానికి వీల్లేదు. ఇండియాలో కూడా 2022 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇలాంటి ఆదేశమే ఇచ్చింది, అక్కడ ఆరు గంటలు. పైకి చెప్పడానికి గంటల లెక్కలో గడువు. కింద ఉన్న మనిషికి చెప్పడానికి మాత్రం ‘అనవసర జాప్యం లేకుండా’ లాంటి మెత్తటి మాటలు. గడియారం ఎప్పుడూ అధికారి గోడకే ఉంటోంది. ఇండియాలో 2023 నాటి డేటా రక్షణ చట్టం, ఉల్లంఘన జరిగితే బాధితులకు కూడా చెప్పాలంటోంది. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించారు, ప్రధాన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు.

చెప్పే విషయంలో ఇంకో కోణం ఉంది. లోపం ఉందని బయటివాడు వచ్చి చెబితే ఏం చేస్తాం? మనకు పడమరన కెనెసా స్టేట్ యూనివర్సిటీలో ఒకప్పుడు రాష్ట్రం తరఫున ఎన్నికల వ్యవస్థల కేంద్రం నడిచేది. 2016 ఆగస్టులో ఒక యువ భద్రతా పరిశోధకుడు చూస్తే, అక్కడి సర్వర్ బార్లా తెరిచి ఉంది. అరవై ఏడు లక్షల మంది ఓటర్ల రికార్డులు ఎవరైనా దించుకోవచ్చు. వెంటనే కేంద్రానికి చెప్పాడు. మరుసటి ఏడాది మార్చిలో మరో పరిశోధకుడు చూసేసరికి ఇంకా తెరిచే ఉంది! తర్వాత ఎన్నికల భద్రత మీద దావా పడింది, పడిన కొద్ది రోజులకే ఆ సర్వర్‌ను తుడిచేశారు. 2018లో శాసనసభ చేసింది ఏమిటయ్యా అంటే, అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చూడటమే నేరమనే బిల్లు, సెనేట్ బిల్లు 315. లోపం వెతికి చెప్పినవాడినే దొంగను చేసే బిల్లు అని పరిశోధకులు మొత్తుకున్నారు. గూగుల్, మైక్రోసాఫ్ట్ కూడా వద్దని ఉత్తరం రాశాయి. మే నెలలో గవర్నర్ నేథన్ డీల్ దాన్ని వీటో చేశారు. నిబంధన లేకపోవడం కన్నా చెడ్డ నిబంధన ఎక్కువ కీడు చేస్తుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇక కృత్రిమ మేధ. దీనికీ పై కథలకూ ఏమిటి సంబంధం అంటారేమో. మళ్లీ చాయిస్‌పాయింట్ దగ్గరకే పోదాం. ఆ కంపెనీ 2000 మేలో డేటాబేస్ టెక్నాలజీస్ అనే ఫ్లోరిడా సంస్థను కలుపుకుంది. ఆ సంస్థకు ఫ్లోరిడా ప్రభుత్వం అప్పటికే ఒక పని అప్పజెప్పి ఉంది. తీవ్ర నేరాలకు శిక్షపడినవాళ్లకు అప్పట్లో అక్కడ ఓటు లేదు గనుక, వాళ్ల పేర్లను ఓటరు జాబితాతో కంప్యూటర్లో పోల్చి, తీసేయాల్సిన పేర్లు చూపించాలి. పోలిక ఎంత వదులుగా ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. పేరు అచ్చంగా కలవక్కర్లేదు, దగ్గర దగ్గరగా ఉంటే చాలు. టెక్సస్ నుంచి వచ్చిన వేల పేర్లయితే చిన్న తప్పులు చేసినవాళ్లవి, వాటినీ తీవ్ర నేరాల్లో కలిపేశారు. మాడిసన్ కౌంటీలో ఎన్నికలు నడిపే అధికారిణికే, నువ్వు నేరస్థురాలివి అని కాగితం వచ్చింది. ఆవిడ కాబట్టి దాన్ని పక్కన పడేయగలిగారు. పోలింగ్ రోజు వరకు ఏమీ తెలియకుండా క్యూలో నిలబడి, తీరా లోపలికి వెళ్లాక పేరు లేదని విన్నవాళ్ల గోడు మరుసటి ఏడాది పౌరహక్కుల కమిషన్ విచారణల్లో బయటికొచ్చింది. ఆ ఏడు అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో తేలిందని మీకు గుర్తుండే ఉంటుంది.

అప్పట్లో దాన్ని ఏఐ అనలేదు. ఇప్పుడు అదే పనిచేసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాడెవడూ ఏఐ అనకుండా అమ్మడు.

ఫ్లోరిడాలో పోలిక మరీ వదులు. మన జార్జియాలో మరీ బిగువు. 2017లో ఇక్కడ చేసిన చట్టం ప్రకారం, ఓటరుగా నమోదుకు పెట్టుకున్న దరఖాస్తులోని వివరాలు డ్రైవింగ్ లైసెన్స్ లేదా సోషల్ సెక్యూరిటీ రికార్డుతో అచ్చంగా కలవాల్సి ఉండేది. ఒక హైఫన్ తేడా వచ్చినా పక్కన పెట్టేవారు. 2018 ఎన్నికల ముందు అలా ఆగిపోయిన దరఖాస్తులు 53,000 అని, అందులో సుమారు 70 శాతం నల్లజాతివారివని అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు. లైసెన్స్ తీసుకున్నది వీసా మీద ఉన్నప్పుడు. పౌరుడు కాడని ఆ పాత రికార్డులో అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్ దాన్ని చూసి ఈ మనిషి పౌరుడు కాడంటుంది. పోలింగ్ కేంద్రంలోనే పౌరసత్వ పత్రం చూపించి ఓటేయనివ్వండని ఎన్నికకు నాలుగు రోజుల ముందు ఫెడరల్ జడ్జి ఆదేశించాల్సి వచ్చింది. 2019లో శాసనసభ ఆ బిగువు కొంత సడలించింది.

మన పేర్లు ఒకసారి తలుచుకోండి. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పాస్‌పోర్టులో ఒక వరస, లైసెన్స్‌లో ఇంకో వరస. పొడుగాటి పేర్లలో ‘వెంకట’ అన్న మొదటి ముక్కే ఫస్ట్ నేమ్‌గా మిగిలి, ఆఫీసులో పక్కపక్కనే నలుగురు వెంకటలు కూర్చునే ఊళ్లు మనవి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చినవాళ్ల వీసాలో ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు, అని పడుతుంది. వదులు పోలికలో మనం వేరేవాళ్లమైపోతాం, బిగువు పోలికలో మనం మనమే కాకుండా పోతాం. ఫోర్‌సైత్ నుంచి జాన్స్ క్రీక్ దాకా ఉన్న మన ఇళ్లకు ఈ చర్చ పరాయిది కాదని చెప్పడానికే ఇంత దూరం లాక్కొచ్చాను.

పేర్లే కాదు, ముఖాలూ అంతే. 2022 నవంబరులో, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఇక్కడే డీకాల్బ్ కౌంటీలో తల్లిని చూడటానికి కారులో పోతున్న ఒక యువకుణ్ణి పోలీసులు ఆపారు. లూసియానాలో నీ మీద దొంగతనం వారంట్ ఉందన్నారు. అతను జన్మలో లూసియానా వెళ్లలేదు. ఆరు రోజులు జైల్లో ఉన్నాడు. తర్వాత తేలిందేమిటంటే, అక్కడి దుకాణం కెమెరాలో పడిన ముఖాన్ని కంప్యూటర్ ఇతనిదిగా పోల్చింది. యంత్రం పొరబడింది, సరే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది వారంట్ కాగితం. అందులో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ మాటే లేదు. నమ్మకమైన వర్గాల నుంచి సమాచారం అందిందని మాత్రం రాశారు. సంతకం పెట్టిన జడ్జికీ తెలియదు, పట్టుకున్న డీకాల్బ్ పోలీసులకూ తెలియదు. ఎదురుగా ఉన్నది యంత్రం మాట అని తెలిస్తే, ఎవరో ఒకరు బరువూ ఎత్తూ ఒకసారి సరిచూసేవాళ్లు.

ఇండియా మాట కూడా చెప్పుకుందాం. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. రవాణా, విద్యుత్తు, భూమి, పన్నులు, ఇలా ఎన్నో శాఖల పట్టికలను ఒకచోట చేర్చి, ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని తేల్చే సాఫ్ట్‌వేర్ దానికి ప్రాణం. అనర్హులను ఏరివేయడానికి దాన్ని వాడారు. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలామందికి ముందు నోటీసు లేదు. డీలర్ దగ్గరకు సంచి పట్టుకుని వెళ్లినప్పుడే తెలిసింది. హైదరాబాద్‌లో ఒక పేద కుటుంబానికి కారు ఉందని యంత్రం తేల్చింది. ఆ కారు, ఇంటాయన పేరును పోలిన పేరున్న ఇంకొకాయనది. హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్తే, రద్దయిన కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి రెండు లక్షల పైచిలుకు దరఖాస్తులు చూస్తే, అందులో 15,471 మంది అర్హులేనని తేలిందని తర్వాత పత్రికా పరిశోధనలో బయటపడింది. శాతం లెక్కలో ఏడున్నర. సాఫ్ట్‌వేర్ కంపెనీ తెరమీద అది చిన్న అంకె. బియ్యం లెక్కలో వేరు.

నేను ఏఐ వద్దనేవాణ్ణి కాను. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ధ్రువపత్రం కోసం మండలాఫీసు మెట్లు ఎక్కి దిగిన తరానికి అది చిన్న మేలు కాదు. నా ప్రశ్న ఒక్కటే. సేవ అందినప్పుడు ఫోన్ మోగుతుంది. సేవ ఆపేసినప్పుడు కూడా మోగుతుందా? ఆపింది మనిషా, యంత్రమా చెబుతుందా?

అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ల కన్నా ముందే ఉంది. 1970లో, గోల్డ్‌బర్గ్ వర్సెస్ కెల్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పేదవాడికి వచ్చే ప్రభుత్వ సాయాన్ని ఆపాలంటే, ఆపకముందే నోటీసివ్వాలి, అతని మాట వినాలి. ఆ తీర్పును ఎవరూ కొట్టేయలేదు. యంత్రం వచ్చాక దాన్ని పాటించడం మాత్రం ఎవరి పనో తెలియకుండా పోయింది. గుమాస్తా కంపెనీని చూపిస్తాడు, కంపెనీ కాంట్రాక్టును చూపిస్తుంది.

ఇప్పటి నిబంధనల పరిస్థితి చూస్తే, వాషింగ్టన్‌లో గాలి మారినప్పుడల్లా కాగితాలు మారుతున్నాయి. 2023 అక్టోబరులో బైడెన్ ఏఐ మీద పెద్ద ఉత్తర్వు ఇచ్చారు. 2025 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే ట్రంప్ రద్దు చేశారు. ఫెడరల్ శాఖలు ఏఐని ఎలా వాడాలో చెప్పే వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం ఆదేశం మాత్రం కొత్త రూపంలో 2025 ఏప్రిల్‌లో వచ్చింది. జనం హక్కుల మీద ప్రభావం చూపేచోట ముందు పరీక్షించాలి, మనిషి పర్యవేక్షణ ఉండాలి, అప్పీలు చేసుకునే దారి ఉండాలి అన్నవి అందులోనూ ఉన్నాయి. రెండు పార్టీలకూ ఇంతవరకు ఒప్పుదల ఉందన్నమాట. అయితే అవి ఫెడరల్ శాఖలకే. మన ట్యాగ్ ఆఫీసుకూ, కౌంటీ కోర్టుకూ, రాష్ట్ర నిరుద్యోగ భృతి శాఖకూ వర్తించవు. రాష్ట్రాలు ఏఐ మీద పదేళ్లపాటు చట్టాలే అమలు చేయకూడదనే ప్రతిపాదనను 2025 జులై 1న సెనేట్ 99–1 ఓట్లతో తీసేసింది. డిసెంబరులో రాష్ట్రాల ఏఐ చట్టాల మీద కోర్టుకెక్కమని ట్రంప్ ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ సొంత కార్యాలయాల్లో ఏఐని ఎలా కొనాలి, ఎలా వాడాలి అన్న చట్టాలను కాంగ్రెస్ కొట్టేయాలని మాత్రం అందులో అడగలేదు. కాబట్టి బంతి అట్లాంటాలోని గోల్డ్ డోమ్ కిందే, అంటే రాష్ట్ర శాసనసభలోనే ఉంది.

అక్కడ కొంత కదలిక లేకపోలేదు. మన పక్కూరు రాస్‌వెల్ సెనేటర్ జాన్ ఆల్బర్స్ 2024లో సెనేట్ ఏఐ అధ్యయన సంఘానికి అధ్యక్షత వహించారు. 2025లో ప్రభుత్వ సంస్థలన్నీ తమ ఏఐ వాడకం మీద ప్రణాళిక రాసుకోవాలనే బిల్లు పెట్టారు. రాష్ట్ర శాఖల్లో ఎక్కడెక్కడ ఏఐ వాడుతున్నారో జార్జియా టెక్నాలజీ అథారిటీ ఏటా జాబితా తయారుచేయాలనే మరో బిల్లును అదే ఏడు దిగువ సభలో ప్రవేశపెట్టారు. జాబితా కావాల్సిందే, ఏం వాడుతున్నారో తెలియకుండా ఏ నిబంధన పెడతాం? కానీ అథారిటీ వెబ్‌సైట్‌లో ఒక మూల ఉండే పట్టిక, మీ ఇంటికి వచ్చే ఉత్తరంతో సమానం కాదు. ఆ ఉత్తరం ఇలా ఉండాలి: మీ దరఖాస్తును తిరస్కరించాం, ఈ నిర్ణయంలో ఫలానా సాఫ్ట్‌వేర్ వాడాం, ఫలానా రికార్డు చూసి ఇలా తేల్చాం, ఒప్పుకోకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, మనిషి పలుకుతాడు. నాలుగు ముక్కలు. చట్టంలో నేను మొదట చూడాలనుకునేది ఇది.

అలా చెబితే మోసగాళ్లకు కిటుకు తెలిసిపోతుందని అధికారులు అంటారు. సూత్రం చెప్పమని ఎవరూ అడగడం లేదు. కారు నీదే అనుకున్నాం అని చెబితే, కాదు అనడానికి వీలుంటుంది. ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. 2005 తర్వాత ఉత్తరాలు ఎన్ని వచ్చాయంటే, మీ డేటా పోయింది, ఏడాది ఉచితంగా మీ క్రెడిట్ మీద కన్నేసి ఉంచుతాం అన్న కవరును ఇప్పుడు మనం విప్పకుండానే బుట్టలో వేస్తున్నాం. నిజమే. చెప్పడం కూడా తంతుగా మారుతుంది. అందుకే సమయం ముఖ్యం. డేటా పోయాక వచ్చే ఉత్తరంతో చేయగలిగింది తక్కువ. కార్డు రద్దు చేయకముందు, పేరు తీసేయకముందు వచ్చే ఉత్తరాన్ని ఎవరూ బుట్టలో వేయరు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. జార్జియాలో ఓపెన్ రికార్డ్స్ చట్టం ఉంది. ఇండియాలోని సమాచార హక్కు చట్టంలాంటిదే గాని, అక్కడ 30 రోజుల గడువైతే ఇక్కడ మూడు పనిదినాల్లో జవాబు మొదలవ్వాలి. వీసా మీద ఉన్నవాళ్లు కూడా అడగవచ్చు, చట్టం పౌరులకే అని గిరి గీయలేదు. వెతకడంలో మొదటి పావుగంటకు డబ్బు తీసుకోకూడదు, కాపీకి పేజీకి పది సెంట్లకు మించకూడదు. అల్ఫారెట్టా నగరానికి ఒకటి, ఫుల్టన్ కౌంటీకి ఒకటి, ఫోర్‌సైత్‌లో ఉన్నవాళ్లు వాళ్ల కౌంటీకి ఒకటి రాయండి. మనుషుల గురించి నిర్ణయాలు తీసుకోవడానికి లేదా సూచించడానికి మీరు కొన్న సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల కాపీలు ఇవ్వండి, డేటా ఉల్లంఘన జరిగితే మాకు తెలియజేయడానికి మీరు రాసుకున్న విధానం కాపీ ఇవ్వండి అని. భద్రత పేరు చెప్పి కొన్ని పేజీలు నల్లసిరాతో కొట్టేసి ఇవ్వవచ్చు. ఏ పేజీలు కొట్టేశారో, ఏ సెక్షన్ కింద కొట్టేశారో రాసివ్వమని మళ్లీ అడగవచ్చు. ఈమెయిల్ సరిపోతుంది, తేదీ వేయడం మరవకండి.